పడి, బడి, మడి: ముంజేతి పట్టీలో తేడా తెలియడం లేదు

ప్రశ్న (నల్లగొండ): అన్నగారూ, పుట్టుకతోనే వినికిడి లేని మా మేనకోడలి కోసం, మాటను కంపనాలుగా మార్చి చర్మానికి అందించే, ముంజేతికి కట్టే పట్టీ ఒకటి తయారుచేస్తున్నాను. మైకులో పడిన మాటను ఎనిమిది బ్యాండ్లుగా (మంద్రం నుంచి తారం దాకా స్థాయిల వారీ భాగాలుగా) విడదీసి, ఒక్కొక్కదాన్ని పెద్దది చేసి నేరుగా ఒక్కొక్క నాణెం మోటారుకు (తిరుగుతూ కంపించే, నాణెమంత మోటారు) ఇచ్చాను. పాప పెదవులు చూసి చాలా మాటలు పోల్చుకుంటుంది గాని, పడి, బడి, మడి అనే మూడూ పెదవుల మీద ఒక్కతీరుగానే ఉంటాయి. పట్టీ కట్టినా తేడా తెలియక తల అడ్డంగా ఊపుతున్నది. లోపం ఎక్కడున్నది?

సమాధానం (మహబూబ్‌నగర్): తమ్ముడూ, లోపం విడదీసినదాన్ని చర్మానికి అందించే తీరులో ఉన్నది. "స" ధ్వని బలం చాలావరకు 4000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) పైన ఉంటుంది; చర్మం 250 హెర్ట్జ్ దగ్గర అన్నిటికంటే చురుకుగా ఉండి, 1000 దాటితే దాదాపు ఏమీ పసిగట్టదు. అందుకే బ్యాండులోని అలను వదిలి, దాని హెచ్చుతగ్గులను మాత్రమే తీసుకోవాలి: ఫిల్టరు నుంచి వచ్చిన సంకేతాన్ని రెక్టిఫై చేసి (రుణ భాగాన్ని ధనంగా తిప్పి), 50 హెర్ట్జ్ లోపాస్ ఫిల్టరు (అంతకు మించిన వేగపు మార్పులను ఆపేది) గుండా పంపి, ఆ విలువను బట్టి కంపన బలాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. 1930లలో బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ తయారుచేసిన వోకోడర్ (మాటను బ్యాండ్లుగా విడదీసి మళ్లీ కూర్చే యంత్రం) కూడా మాటను ఇట్లాగే పట్టింది.

ఇక మీ మూడు మాటల సంగతి. "బ" పలికేటప్పుడు పెదవులు విడివడకముందే గొంతు సన్నగా మోగుతుంది. "మ"లో ముక్కు నాదం అంతకంటే బలంగా, నిలకడగా ఉంటుంది. "ప"లో ఆ చోట నిశ్శబ్దమే. ఇదంతా 300 హెర్ట్జ్ లోపలే, సెకనులో పదోవంతు వ్యవధిలో జరిగిపోతుంది. నాణెం మోటారు తిరుగుడు అందుకునేలోపే అచ్చు వచ్చేస్తుంది కాబట్టి ఎల్‌ఆర్‌ఏ రకం (తిరగకుండా ముందుకూ వెనక్కూ ఊగుతూ త్వరగా కంపించే మోటారు) వాడండి. మీ కింది బ్యాండు ఎక్కడ మొదలవుతున్నది?

ప్రశ్న: పంకా మోత రాకుండా 300 కింద అంతా కోసేశాను.

సమాధానం: బడికీ మడికీ ఉన్న తేడాను కూడా దానితోనే కోసేశారు. 100 నుంచి 300 వరకు ఒక బ్యాండు పెట్టి, దాని మోటారును మణికట్టు దగ్గర విడిగా ఉంచండి. పంకా మోత నిలకడగా ఉంటుంది కాబట్టి, గత రెండు సెకన్లలోని కనిష్ఠ విలువను తీసివేస్తే చాలు. ముంజేతి మీద రెండు స్పర్శలు వేరుగా తెలియాలంటే సుమారు 4 సెంటీమీటర్ల ఎడం కావాలి. చిన్నపిల్ల చేతికి ఎనిమిది పట్టవు, నాలుగుతో మొదలుపెట్టండి.

ప్రశ్న: నాలుగు ఎల్‌ఆర్‌ఏలు పెట్టాను. నోటికి కాగితం అడ్డుపెట్టుకుని "మడి" అంటే పాప మణికట్టు తాకి చూపింది. పడి, బడి ఇంకా కలిసిపోతున్నాయి.

సమాధానం: "బ" ముందరి మోత చాలా సన్నది. ఆ ఒక్క బ్యాండుకు లాగరిథమిక్ కంప్రెషన్ (సన్నని ధ్వనిని ఎక్కువగా, పెద్దదాన్ని తక్కువగా పెంచడం) పెంచి మళ్లీ చూడండి.