మొదటి ఓటు అమెరికాలో, కానీ ఆ దేశం చరిత్ర నాదనిపించట్లేదు. మీరెలా అలవాటు పడ్డారు?

మలక్‌పేట అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది మలక్‌పేట, పెళ్లయ్యాక డాలస్ దగ్గర ఫ్రిస్కో వెళ్లి 14 ఏళ్లయింది. ఈ మార్చిలో సిటిజన్‌షిప్ ఓత్ తీసుకున్నా, ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేసేసి ఓసీఐ (వేరే దేశం సిటిజన్ అయిన భారతీయులకి ఇండియా ఇచ్చే కార్డు) వచ్చాక ఇప్పుడు నాన్న దగ్గరికి వచ్చా. నవంబర్ 3న అక్కడ నా మొదటి ఓటు.

నేను అప్లై చేసినప్పుడు టెస్ట్‌కి 100 ప్రశ్నలు ఉండేవి, వంట చేస్తూ కార్లో వెళ్తూ అన్నీ బట్టీ పట్టా. ఆఫీసర్ వరసగా ఆరు అడిగాడు, ఆరూ కరెక్టే, అక్కడితో ఆపేశాడు. 1776 జులై 4, జెఫర్సన్, 13 కాలనీలు అన్నీ నోటికొచ్చు. కానీ ఈ జులై 4కి అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లు నిండాయని ఊరంతా బాణసంచా కాలుస్తుంటే పక్కింటి వాళ్ల పెళ్లికి వెళ్లి ఒక మూల కూర్చున్నట్టు అనిపించింది నాకు.

తర్వాత ఇక్కడ ఆగస్టు 15. అపార్ట్‌మెంట్ కింద జెండా వందనం, నేను పూల పళ్లెం పట్టుకుని నిల్చున్నా, అసోసియేషన్ ఆయన మైకులో "ఈసారి మన దగ్గరికి ఫారినర్స్ కూడా వచ్చారు" అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు కానీ నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పైకి వచ్చాక టిఫిన్ తింటూ నాన్న ఒకటే మాట అన్నాడు, "1947 ఆగస్టు 15న మీ నానమ్మ కూడా ఇండియాలో లేదమ్మా" అని. అప్పట్నుంచి అదే తిరుగుతోంది బుర్రలో.

అమెరికా స్వాతంత్ర్యం కోసం మావాళ్లెవరూ ఒక్క దెబ్బ తినలేదు, నేను వెళ్లింది ఉద్యోగానికి, మరి ఆ దేశం ఎటు పోవాలో చెప్పే హక్కు నాకెక్కడిది అనిపిస్తోంది. బ్యాలెట్ మీద గవర్నర్ నుంచి జడ్జీల దాకా బోలెడు పేర్లుంటాయంట, ఎవరో తెలియకుండా ఎలా నొక్కాలి? ఇంకోటి, మలక్‌పేట ఓటర్ లిస్టులో నా పేరు ఇంకా ఉంది, పోయినసారి స్లిప్ కూడా వచ్చింది, మా మేనమామ "ఉంటే ఉండనీ, ఎలక్షన్ టైంకి వస్తే వేసిపో" అంటున్నాడు. సరైనదేనా?

నారాయణగూడ మాస్టారు:

అమ్మా, మీ నాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఢిల్లీల పండుగైన నాడు ఇక్కడ నిజాం రాజ్యమే, జెండా ఎగరేసినోళ్లను పట్టుకపోయి జైల్ల పెట్టిండ్రు. నవంబర్‌ల నిజాంకు ఇండియాకు నడుమ యథాతథ ఒప్పందం అన్నరు, దాని చాటున రజాకార్లు ఊర్ల మీద పడ్డరు. షోయబుల్లాఖాన్ అని జర్నలిస్టు ఉండె, ఆయన ముస్లిమే, హైదరాబాద్ ఇండియాల కలవాలె అని పత్రికల రాసినందుకు 1948 ఆగస్టుల నడిరోడ్డు మీద చంపిండ్రు. సెప్టెంబర్ 13న ఇండియా సైన్యం లోపలికొచ్చింది, 17న నిజాం లొంగిపోయిండు. ఆ తర్వాత మరఠ్వాడా దిక్కు ముస్లింల మీద జరిగిన ఘోరాలు సుందర్‌లాల్ కమిటీ రాసింది, ఆ రిపోర్టు ఏండ్లకేండ్లు బయటికి రానియ్యలే. అది కూడ మన చరిత్రే, అది చెప్పకుండ 17 సెప్టెంబర్ గురించి మాట్లాడుడు నాకైతే నచ్చదు.

గిదంత ఎందుకంటున్న అంటే మా అమ్మ కూడ ఇండియాకు కొత్తగ వచ్చిన మనిషే, ఉన్న ఇల్లు కదలకుంటనే వచ్చింది. ఆమెకు దండి ఏడుందో తెల్వది, బార్డోలీ సత్యాగ్రహం తెల్వది. ఓటర్ల లిస్టు రాసెటాయన ఇంటికొచ్చి పేరడిగితే తలుపు చాటున నిలబడి, ఫలానాయన భార్య అని రాస్కోండి అన్నదట. గట్ల కుదరదమ్మా నీ పేరే కావాలె అని ఆయన చెప్పులిడిచి అరుగు మీద కూర్చున్నడు. మా నాయన చెప్పబోతె ఆయన్ని గూడ ఆపి, ఆమెనే చెప్పాలె అన్నడట. దేశం మొత్తం మీద అట్ల సొంత పేరు చెప్పని ఆడోళ్లు దాదాపు 28 లక్షల మందిని సుకుమార్ సేన్ నడిపిన ఎన్నికల కమిషన్ లిస్టు నుంచి తీసేసింది. మా అమ్మ తన పేరు చెప్పింది. 1952ల పోయి ఓటేసింది, అప్పుడు ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కో డబ్బా ఉండేది. నేను పుట్టకముందు సంగతి, కానీ బతికినన్ని రోజులు చెప్పేది, ఆ గదిల తను ఒక్కతే ఉన్నదట, మొగుడు లేడు అత్త లేదు.

హక్కెక్కడిది అంటున్నవు కద బిడ్డా, ఆమెకెక్కడిది మరి?

ఇర్వింగ్ 1999:

అక్కా నేను మాస్టారు గారంత బాగా చెప్పలేను గానీ ఒకటి. మావాళ్లు దెబ్బ తినలేదు అన్నారు చూడండి, అది కరెక్ట్ కాదు. భగత్ సింగ్ థింద్ అని పంజాబ్ నుంచి వెళ్లినాయన, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేశాడు, అయినా 1923లో వాళ్ల సుప్రీంకోర్టు ఇండియన్స్ "వైట్" కాదు కాబట్టి సిటిజన్‌షిప్ కుదరదంది. అప్పటికే సిటిజన్‌షిప్ వచ్చిన ఇండియన్స్ దగ్గర్నుంచి కూడా లాగేసుకున్నారు. వైష్ణో దాస్ బగాయ్ అని శాన్ ఫ్రాన్సిస్కోలో షాపు పెట్టుకున్న ఆయన అలా ఏ దేశానికీ చెందకుండా పోయి 1928లో ప్రాణం తీసుకున్నాడు. 1946లో చట్టం మారితే గానీ మనకి దారి తెరుచుకోలేదు, అదీ ఏడాదికి 100 మంది కోటా. దలీప్ సింగ్ సౌంద్ 1920లో వెళ్తే సిటిజన్ అయింది 1949లో, 1956లో ఏకంగా అమెరికా కాంగ్రెస్‌కి, అంటే అక్కడి పార్లమెంటుకి గెలిచాడు. మనలాంటి వాళ్లు వేలల్లో రావడానికి కారణమైన చట్టం 1965ది, అమెరికా సౌత్‌లో నల్లవాళ్లకి ఓటు నిజంగా చేతికొచ్చిన చట్టం కూడా అదే ఏడాదిది, అది వాళ్లు లాఠీలు తిని తెచ్చుకున్నది. 100 ప్రశ్నల్లో ఇందులో చాలావరకు ఉండదు, నేను కూడా సిటిజన్ అయిన ఎన్నో ఏళ్లకి చదివా. చదివాక జులై 4 వేరేగా కనిపించింది.

ఇక బ్యాలెట్ సంగతి. శాంపిల్ బ్యాలెట్ ముందే కౌంటీ సైట్‌లో పెడతారు, ప్రింట్ తీసుకుని ఒక వీకెండ్ కూర్చోండి. బూత్‌లో ఫోన్ వాడనివ్వరు, టెక్సస్‌లో 100 అడుగుల లోపల అసలు తీయకూడదు, కాగితం మాత్రం తీసుకెళ్లొచ్చు. తెలియని పోటీ ఖాళీగా వదిలేసినా మిగతా ఓట్లు చెల్లుతాయి. రిజిస్ట్రేషన్ మాత్రం ఎలక్షన్‌కి 30 రోజుల ముందే అయిపోవాలి. స్కూల్ బోర్డు పోటీ వస్తే అస్సలు వదలకండి, మన ప్రాపర్టీ టాక్స్‌లో పెద్ద ముక్క వెళ్లేది స్కూళ్లకే. ఇంకోటి మనసులో మాట, వాట్సాప్ గ్రూపుల్లో "మనోడు నిలబడ్డాడు, కళ్లు మూసుకుని వేసేయండి" అని వస్తాయి, నేను ఒకసారి అలాగే వేశా, తర్వాత ఆయన మాట్లాడినవి చదివి చాలా బాధపడ్డా. తెలుగువాడైనా ఏం చేస్తానంటున్నాడో చదివి వేయండి.

ఫారం నంబర్ 7:

మేనమామ గారి మాట వినకండి దయచేసి. వేరే దేశం సిటిజన్‌షిప్ తీసుకున్న రోజే 1955 చట్టం ప్రకారం ఇండియన్ సిటిజన్‌షిప్ పోతుంది, ఓసీఐకి ఓటు లేదు. స్లిప్ వచ్చినంత మాత్రాన ఓటు వచ్చినట్టు కాదు. ఫారం 7 ఇచ్చి పేరు తీయించుకోండి, ఆన్‌లైన్‌లో కూడా అవుతుంది. అలాగే ఇది చదువుతున్న గ్రీన్‌కార్డ్ వాళ్లు, అక్కడ లైసెన్స్ ఆఫీసులో ఓటర్ రిజిస్ట్రేషన్ కాగితం ఇస్తే చూడకుండా సంతకం పెట్టకండి, సిటిజన్ కాకుండా ఓటేస్తే దేశం నుంచి పంపించేసే దాకా వెళ్తుంది.

మలక్‌పేట అమ్మాయి:

మాస్టారు గారూ, మీ పోస్ట్ నాన్నకి చదివి వినిపించా, రెండోసారి మళ్లీ చదవమన్నాడు. నానమ్మ పేరు ఆ ఓటర్ల లిస్టులో ఉందో లేదో మాకెవరికీ తెలియదు, మేమెప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. ఇర్వింగ్ అన్నా, థింద్ కేసు రాత్రంతా చదువుతూ కూర్చున్నా.

ఫారం 7 నిన్నే ఇచ్చేశా. కారణాల దగ్గర గడులుంటాయి కదా, చనిపోయారు, ఇల్లు మారారు అని. నాన్న పక్కనే కూర్చుని ఇల్లు మారింది అని పెట్టెయ్యమ్మా, అది కూడా నిజమే కదా అన్నాడు. భారత పౌరురాలు కాదు అనే గడి దగ్గరే టిక్ పెట్టా. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు గానీ ఏమీ అనలేదు.

వచ్చే నెల తిరుగు ప్రయాణం, వెళ్లగానే రిజిస్టర్ చేసుకుంటా. శాంపిల్ బ్యాలెట్ వచ్చాక జడ్జీల గురించి మళ్లీ ఇక్కడే అడుగుతా.