ఫారంలో ‘సంబంధం’ అన్న గడిలో ఏం రాస్తున్నారు?

ముంగిలి: మేమిద్దరం ఆడవాళ్లం, తొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. పోయిన నెల తనకి ఆపరేషన్. ‘పేషెంట్‌కి ఏమవుతారు’ అన్నచోట స్నేహితురాలు అని రాశాను. “రక్తసంబంధీకులు ఎవరూ లేరా?” అన్నారు కౌంటర్లో. రెండేళ్లుగా మాటల్లేని వాళ్ల అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను. ఆయన వచ్చి సంతకం పెట్టి వెళ్లిపోయారు. మన పెళ్లిని చట్టం గుర్తించదని తెలుసు. ఇలాంటప్పుడు పనికొచ్చే కాగితాలు ఏం పెట్టుకున్నారు మీరు?

తొలకరి: ముంగిలి గారూ, స్పృహలో ఉన్న మేజర్ పేషెంట్ తానే ఒప్పుకోవాలని, పక్కవాళ్ల సంతకం దానికి బదులు కాదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. అన్నయ్య సంతకం ఆసుపత్రి అలవాటు, అంతే. స్పృహ లేనప్పుడే అసలు చిక్కు. కోలుకోలేని స్థితిలో ఎలాంటి చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌లో తను మీ పేరు రాయొచ్చు, ఇద్దరు సాక్షులు, నోటరీ ఉంటే చాలని 2023లో సులువు చేశారు. కానీ అది చికిత్స వద్దనే, ఆపే నిర్ణయం వరకే.

పాతకాపు: బ్యాంకు సంగతి నేను చెప్తా. మేమిద్దరం మగవాళ్లం. జాయింట్ అకౌంట్ అడిగితే మేనేజర్ నసిగాడు. క్వీర్ వ్యక్తులు, అంటే మనలాంటి వాళ్లు, జాయింట్ ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. ఆ ప్రింటు చూపించాక పని కదిలింది.

అయితే నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, సొంతదారు కాదు. వీలునామా లేకపోతే వారసులు వచ్చి అడగొచ్చు. మా ఫ్రెండ్ పోయాకే ఇది అర్థమైంది. అతనూ అతని భాగస్వామీ పదకొండేళ్లు కలిసి ఈఎంఐ కట్టిన ఇల్లు, కాగితాలు పోయినతని పేరునే ఉన్నాయి. పోయినతని అమ్మగారు తాళం మార్పించారు. ఆవిణ్ణీ ఏమనలేను, చట్టం ఆవిడ పక్కనే ఉంది. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులుండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. లేకపోతే రేపు సంతకం దొంగదంటారు.

కందిరీగ: పెళ్లి సర్టిఫికెట్ ఒక్కటి ఇస్తే పోయేదానికి ఈ కట్టలన్నీ మోయాలా? 2023 అక్టోబర్ 17న మన పెళ్లిళ్ల మీద సుప్రీంకోర్టు తీర్పు వస్తుంటే ఇద్దరం సెలవు పెట్టి టీవీ ముందు కూర్చున్నాం. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలదీ ఒకే మాట. పెళ్లి అనకుండా జంటగా గుర్తించే సివిల్ యూనియన్ కూడా 3-2తో పోయింది. తీర్పును మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. అదే నెలలో థాయ్‌లాండ్‌లో మనలాంటి జంటల పెళ్లిళ్లు చట్టబద్ధంగా మొదలయ్యాయి. ఆ ఫోటోలు చూడబుద్ధి కాలేదు.

తొలకరి: కోపం న్యాయమే కందిరీగా. ఒక్క వింత చూడు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో మన తరఫున మాట్లాడే ప్రతినిధిగా మేజరైన ఎవరినైనా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు. బంధుత్వం అక్కర్లేదు. మనసుకి జబ్బు చేస్తే ఉన్న సౌకర్యం కాలు విరిగితే లేదు!

ముంగిలి: అందరికీ థాంక్సండీ. నిన్న వీలునామాలు రెండూ రాసుకున్నాం. సాక్షిగా పక్కింటి మాస్టారిని అడిగాం. ఏమంటారోనని ఒకటే టెన్షన్. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. సంతకం పెట్టి, “రెండో సాక్షికి మా ఆవిడ పనికొస్తుందామ్మా?” అన్నారు.