ఇండియన్ మాస్టర్స్ ఒక్క ఏడాదికే ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న (కొత్తగా గోల్ఫ్ చూస్తున్న పాఠకుడు):
మన దేశపు గోల్ఫర్ ఎస్.ఎస్.పి. చౌరాసియా గెలిచిన టోర్నీల్లో 2008 నాటి 'ఎమ్మార్-ఎంజీఎఫ్ ఇండియన్ మాస్టర్స్' కనిపించింది. ఆ తర్వాత ఏ ఏడాదిలోనూ ఆ పేరు లేదు. ఇండియన్ ఓపెన్‌కే అప్పట్లో ఆ పేరు పెట్టారా?

జవాబు (హైదరాబాద్ నుంచి):
కాదండీ, రెండూ వేరు. ఇండియన్ ఓపెన్ 1964 నుంచి ఉంది. పేరులో ఉన్నది స్పాన్సర్ కంపెనీ; అందులో ఎమ్మార్ అంటే మన గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ కోర్సు కట్టిన రియల్ ఎస్టేట్ సంస్థే.

జవాబు (అప్పట్లో ఢిల్లీలో ఉన్నవాణ్ణి):
ఆ టోర్నీ చివరి రోజు తాడు ఇవతల నిలబడి చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. యూరోపియన్ టూర్ (యూరప్ ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరుస) మన దేశంలో అడుగుపెట్టిన మొదటి పోటీ అది. 2008 ఫిబ్రవరి 7 నుంచి 10 వరకు ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో జరిగింది. బహుమతి మొత్తం 25 లక్షల డాలర్లు. దక్షిణాఫ్రికా స్టార్ ఎర్నీ ఎల్స్ లాంటివాళ్లు వచ్చారు.

అక్కడి లోధీ కోర్సు బలానికి లొంగదు. దారి ఇరుకు, రెండు పక్కలా ముళ్ల పొదలు. బంతి పొదలో పడిందంటే షాట్ పోయినట్టే. అందుకే దూరం కొట్టేవాళ్లు కూడా డ్రైవర్ (బంతిని అన్నిటికన్నా దూరం పంపే కర్ర) తీయడానికి జంకారు. చౌరాసియాకు అదే కలిసొచ్చింది. ఆయన బలమంతా గ్రీన్ (రంధ్రం ఉండే నున్నటి గడ్డి) చుట్టూ ఆడే చిన్న షాట్లలో ఉంది. తోటి ఆటగాళ్లు ఆయన్ని 'చిప్‌పుట్‌సియా' అని ఊరికే పిలవలేదు. గోల్ఫ్‌లో తక్కువ స్ట్రోకులు (దెబ్బలు) ఆడినవాళ్లదే గెలుపు; చివరి రోజు 67 కొట్టి, నాలుగు రోజుల మొత్తం 279తో ఐర్లండ్‌కు చెందిన డామియన్ మెక్‌గ్రేన్‌ను రెండు స్ట్రోకుల తేడాతో దాటేశారు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు ఆయన. ఆ ఒక్క గెలుపుతో యూరప్ టోర్నీల తలుపులు తెరుచుకున్నాయి. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ఎందుకు ఆగిందంటే, డబ్బు. సరిగ్గా అదే వారంలో ఎమ్మార్-ఎంజీఎఫ్ తన పబ్లిక్ ఇష్యూను (జనానికి షేర్ల అమ్మకం) వెనక్కి తీసుకుంది, మార్కెట్ అంత దెబ్బతిని ఉంది. ఆ ఏడాది చివరికి రియల్ ఎస్టేట్ పూర్తిగా చతికిలబడింది. స్పాన్సర్ తప్పుకోవడంతో 2009 పోటీ రద్దయింది. పేరు, ఖర్చు రెండూ ఒకే కంపెనీవి అయినప్పుడు టోర్నీకి ఇంకో ఆధారం ఉండదు. నిర్వాహకులు మొదటి ఏడాదే ఇంకో ఇద్దరు స్పాన్సర్లను కలుపుకోవలసింది.

ప్రశ్న అడిగిన పాఠకుడు:
చాలా సంతోషం. మరి అవంతా మాస్టర్స్ దీని కొనసాగింపేనా?

జవాబు (అప్పట్లో ఢిల్లీలో ఉన్నవాణ్ణి):
కాదు, అది అవంతా గ్రూపు విడిగా పెట్టిన పోటీ. 2010 నుంచి 2013 వరకు నడిచింది. మొదటి మూడేళ్లు గురుగ్రామ్‌లోని డీఎల్ఎఫ్ కోర్సులో, చివరిది గ్రేటర్ నోయిడాలో. 2011లో అక్కడా చౌరాసియాయే గెలిచారు. ఇండియన్ ఓపెన్ మాత్రం ఆయనకు 2016లో గానీ దక్కలేదు. మరుసటి ఏడాది మళ్లీ గెలిచారు.