పాత ఎమల్షన్ ప్లేట్ల మీద ఇప్పుడు ప్రాజెక్టు చేయడం దండగా?

ఎమ్మెస్సీ ఫైనల్: వైజాగ్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. సెర్న్‌లో (జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రం) సల్ఫర్ కేంద్రకాల పుంజం (ఒక్కో న్యూక్లియాన్‌కి, అంటే ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కి, 200 జీఈవీ శక్తి) తగిలిన పాత ఎమల్షన్ ప్లేట్లు (ఛార్జ్ కణాలు వెళ్లిన దారి గీతలుగా మిగిలే ఫోటో ప్లేట్లు) ఇచ్చి, కొత్త కణాలు ఎన్ని, ఎటు పుడుతున్నాయో మైక్రోస్కోప్‌లో చూడమన్నారు మా గైడ్ గారు. ఫ్రెండ్సేమో ఎల్‌హెచ్‌సీ (సెర్న్‌లోని పెద్ద కొలైడర్) అందరికీ ఇచ్చే ఓపెన్ డేటా తీసుకో, పైథాన్ అయినా వస్తుంది అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

ఎంవీపీ కాలనీ: ఓపెన్ డేటానే తీసుకో తమ్ముడూ. 2010లో ఎల్‌హెచ్‌సీలో సీసం కేంద్రకాలు న్యూక్లియాన్ జతకి 2.76 టీఈవీ దగ్గర సూటిగా ఢీకొన్నప్పుడు, మధ్య భాగంలో యూనిట్ సూడోరాపిడిటీకే (పుంజంతో కణం చేసే కోణాన్ని చెప్పే కొలత) దాదాపు 1,600 ఛార్జ్ కణాలు తేలాయి. అక్కడ ఈవెంట్లు లక్షల్లో ఉంటాయి. నువ్వు కళ్లు పోయేలా చూసినా వందలే. పైగా ఎమల్షన్‌లో వెండి, బ్రోమిన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, హైడ్రోజన్ అన్నీ ఉంటాయి. పుంజం దేన్ని కొట్టిందో ఎలా చెప్తావు?

సీతమ్మధార మాస్టారు: కొంతవరకు చెప్పొచ్చు బాబూ. ఆయిల్ లెన్సు కింద తాకిడి జరిగిన చోటు చూడు. వెండి గింజలు ఒకదానికొకటి అతుక్కుపోయిన దట్టమైన నల్ల గీతలుంటాయి, అవి దెబ్బతిన్న కేంద్రకం నుంచి నెమ్మదిగా వచ్చిన ముక్కలు. కాస్త పలచగా ఉన్న బూడిదరంగు గీతలు ఎక్కువగా ఎగిరొచ్చిన ప్రోటాన్లు. ముందుకు దూసుకుపోయే సన్నని గీతలు షవర్ కణాలు, వాటిలో అధికం పయాన్లు (తాకిడిలో కొత్తగా పుట్టే తేలికైన కణాలు). నల్లవీ బూడిదవీ కలిపి ఎనిమిది దాటితే కొట్టింది వెండినో బ్రోమిన్‌నో అన్నమాట. తగ్గితే మాత్రం తేల్చలేం, అది ఒప్పుకోవాల్సిందే. కానీ కొలైడర్‌లో పుంజం దారినే సాగిపోయే కేంద్రకం ముక్కలు చాలావరకు పుంజం పైపులోనే వెళ్లిపోతాయి. ఇక్కడ సల్ఫర్ ఒక్కో ముక్క ఛార్జ్ కూడా కొలవొచ్చు. ఒక తాకిడి మొత్తం, ముందూ వెనకా, ఒకేచోట కనిపించడం ఎంత గొప్ప విషయమో! ఆంధ్రా యూనివర్సిటీలో స్వామి జ్ఞానానంద న్యూక్లియర్ ఫిజిక్స్ నేర్పిన ఊరు మనది, దీన్ని దండగ అనకండి.

చినవాల్తేరు: మాస్టారూ, నా అభ్యంతరం వేరు. 1986లో బియాలాస్, పెషాన్‌స్కీ ప్రతిపాదించిన ఇంటర్మిటెన్సీ పద్ధతిలో చిన్న చిన్న కోణాల గళ్లలో కణాలు గుంపులుగా ఉన్నాయా అని చూస్తారు. గుంపు కనబడగానే క్వార్క్-గ్లూయాన్ ప్లాస్మా (ప్రోటాన్, న్యూట్రాన్ల లోపలి క్వార్కులు, గ్లూయాన్లు విడివడి ఉండే పదార్థ స్థితి) అనేయడమే నాకు నచ్చనిది. తటస్థ పయాన్ నుంచి వచ్చిన గామా కిరణం ఎమల్షన్‌లోనే ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటగా మారితే, ఆ రెండూ ఆనుకునే పోతాయి. వాటిని షవర్ కణాలుగా లెక్కేస్తే గుంపు తనంతట తానే పుట్టుకొస్తుంది.

సీతమ్మధార మాస్టారు: నిజమే అమ్మా. అందుకే జంట గీతల్ని వెనక్కి, మొదలు దాకా వెంబడించాలి. తాకిడి చోటికి కాస్త దూరంలో మొదలైతే తీసెయ్యాలి. ఆ పని కంటితో చేసినవాడికే లెక్క మీద నమ్మకం కుదురుతుంది. ఇంకో సంగతి బాబూ, మన సముద్రగాలి తేమకి జెలటిన్ ఉబ్బుతుంది. ప్లేట్లు ఏసీ గదిలో ఉంచి, మందం కొలిచాకే కోణాలు తియ్యి.

ఎంవీపీ కాలనీ: ఇదంతా బాగానే ఉంది, ఉద్యోగం మాటేంటి?

చినవాల్తేరు: ఎల్‌హెచ్‌సీలోనే ఫేసర్ ప్రయోగంలో టంగ్‌స్టన్ పలకల మధ్య ఎమల్షన్ ఫిల్ములు పెట్టి న్యూట్రినోలు చూస్తున్నారు. వాటిని చదివేది ఆటోమేటిక్ మైక్రోస్కోపులు, సాఫ్ట్‌వేర్.

ఎమ్మెస్సీ ఫైనల్: అయితే ప్లేట్లే తీసుకుంటాను. కోణాలు ఫైల్‌లో పెట్టి, జంటలు తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి మూమెంట్లు (గుంపు ఎంతుందో చెప్పే అంకెలు) పైథాన్‌లో లెక్కేస్తాను. తేడా ఎంతుందో ఇక్కడే పెడతాను.