కథల మాస్టారితో స్టేజి మీద గంట మాట్లాడాలి, ఏం అడగాలి?

పర్లాకిమిడి కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం వాళ్ళు వచ్చే నెల్లో ఒక కథల మాస్టారిని పిలుస్తన్నారు, పాతపట్నం వైపు ఆయన, ఎనభై దాటాయి, రాసినవి తక్కువే గాని చదివినోళ్ళు మర్చిపోరు. ఆయన్తో కూర్చుని మాట్లాడే పని నా నెత్తిన పెట్టారు, వీడియో తీసి యూట్యూబ్‌లో కూడా పెడతాం. నేను రాసుకున్న ప్రశ్నలు ఏటంటే, మీకు స్ఫూర్తి ఎవరు, ఎప్పుడు మొదలెట్టారు, ఈ తరానికి మీ సందేశం ఏటి. మా చెల్లి చూసి ఇది ఇంటర్వ్యూవా సన్మానమా అని నవ్వింది. ఆయన అసలే ఎక్కువ మాట్లాడరు, చెవులు కూడా అంతంతమాత్రం. ఇంకేం అడగొచ్చో చెప్పండి.

బరంపురం బావ:
తమ్ముడూ ముందు ఆ సందేశం కొట్టెయ్. దానికి జవాబు ఆయనకి కంఠతా వచ్చేసుంటుంది, ఏ సభలో అడిగినా అదే చెప్తారు. కథ పట్టుకుని అడుగు. ఫలానా కథలో ముసలమ్మ ఆఖర్న ఊరికి తిరిగి రాదు కదండీ, ముందే అలగ అనుకున్నారా, రాస్తంటే అలగ అయిందా, ఇలా అన్నమాట. పారిస్ రివ్యూ అనే ఇంగ్లీషు సాహిత్య పత్రిక 1953లో మొదటి సంచికకి ఇంగ్లండు నవలా రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్‌తో మాట్లాడింది, అప్పటికి ఆయన నవలలు అచ్చేయడం మానేసి దాదాపు ముప్పై ఏళ్ళు, వాళ్ళు అడిగిందేటంటే సగంలో వదిలేసిన నవల ఎందుకు పూర్తి చెయ్యలేదూ అని. నువ్వూ అడుగు, రాసి పెట్టెలో పడేసినవి ఏమున్నాయి, ఎందుకు పడేశారు అని.

ఇంకోటి, జవాబు రాగానే తర్వాత ప్రశ్నకి దూకెయ్యకు. అదే పత్రికలో అమెరికన్ రచయిత హెమింగ్వే ఒక నవల ఆఖరి పేజీ 39 సార్లు తిరగరాశానన్నాడు, అడిగినాయన అబ్బో అని ఊరుకోలేదు, మరక్కడ ఏం అడ్డుపడింది అన్నాడు, మాటలు సరిగ్గా కుదరడమే అని జవాబొచ్చింది. నన్నడిగితే ఆ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న.

రాయగడ రీడర్:
బావగారు చెప్పింది బానే ఉంది గాని దానికి ముందు కథలన్నీ చదవాలి కదండీ. శ్రీకాకుళంలో కథానిలయం అని తెలుగు కథల లైబ్రరీ ఉంది, కథా రచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టింది, అక్కడ పుస్తకాలే కాదు పాత పత్రికలూ ఉంటాయి, వెబ్‌సైట్లో కూడా చాలా కథలు స్కాన్ చేసి పెట్టారు, రచయిత పేరు కొట్టి చూడండి. పత్రికలో వచ్చిన కథా పుస్తకంలోకెక్కిన కథా పక్కపక్కన పెట్టుకు చదివితే ఏ పేరా ఎగిరిపోయిందో తెలుస్తుంది, ప్రశ్న అక్కడే దొరుకుతుంది.

చెవుల సంగతికి, ఆయనకి బాగా వినబడే వైపు కూర్చోండి, ప్రశ్నలు పెద్దక్షరాల్లో రాసి చేతిలో పెట్టండి. మైకు కాలర్‌కి తగిలించాలి, ఫోను టేబుల్ మీద పెట్టి ఫ్యాన్ కింద కూర్చున్నారంటే ఇంటర్వ్యూ ఫ్యాన్ ఇచ్చినట్టుంటుంది 😀

పర్లాకిమిడి కుర్రోడు:
థాంక్సండీ. మాటలన్నీ టైపు చేసి సంఘం సంచికలో కూడా వేద్దామనుకుంటన్నాం, సెక్రటరీ గారు యాస తీసేసి పుస్తకం భాషలో పెట్టమంటన్నారు. హాల్లో ఒడియా వాళ్ళు కూడా ఉంటారు, మధ్యలో ఎవరైనా అనువాదం చెప్పాలా?

జయపురం అక్క:
యాస తియ్యకు బాబూ. పర్లాకిమిడిలో ఉండి ఆ మాట అడుగుతున్నావా! గిడుగు రామ్మూర్తి పంతులుగారు మీ ఊళ్ళోనే బడిపంతులుగా చేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ పాటలూ కథలూ వాళ్ళు చెప్పినట్టే రాసుకున్నారు, ఇక తెలుగులో వాడుకభాష కోసం ఆయన పడ్డ పోట్లాట సెక్రటరీ గారికి నువ్వే గుర్తుచెయ్. అలాగని ప్రతి ఆఁ, ఊఁ, అదేనండీ అచ్చెయ్యక్కర్లేదు. గంట మాటలు టైపు చెయ్యడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఒక్కడివే చేస్తానని ఒప్పేసుకోకు. అయ్యాక ప్రింటు తీసి ఆయనకి చూపించు, పారిస్ రివ్యూ వాళ్ళు కూడా రచయితకిచ్చి దిద్దుకోనిచ్చేవారు. రాజకీయ నాయకుడికైతే అలా చూపించకూడదంటాను, ఈయన విషయం వేరు, కొట్టేసింది కొట్టేసినట్టే ఒప్పుకో.

వాక్యానికో అనువాదం మాత్రం వద్దు, పెద్దాయన ధార తెగిపోతుంది. మొదలెట్టే ముందు ఆయనెవరో ఏం రాశారో ఒడియాలో రెండు నిమిషాలు చెప్పించు చాలు.

బరంపురం బావ:
వీడియో లింకు ఇక్కడ పెట్టడం మర్చిపోకు తమ్ముడూ. కింద ఒడియా సబ్‌టైటిల్స్ వేస్తే మా ఆవిడ కూడా చూస్తాది.