ఫోటో దొరకని చోట ఊహించి కట్టొచ్చా? సరథ్ మోర్టార్ క్యారియర్ కన్వర్షన్ మీద చర్చ

ఆవడి అబ్బాయి, శనివారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది తెనాలి, ఉద్యోగం చెన్నైలో, ఉండేది ఆవడిలో. 1/35 స్కేల్లో కవచ వాహనాల మోడళ్లే కడతాను. ఇప్పుడు బల్ల మీద ఒక బీఎంపీ-2 కిట్ ఉంది. దాన్ని మన సైన్యం మోర్టార్ క్యారియర్‌గా మారుస్తున్నాను. ఇలా ఒక కిట్‌ని ఇంకో బండిగా మార్చడాన్నే కన్వర్షన్ అంటాం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జవాన్లను మోసే సోవియట్ కవచ వాహనం బీఎంపీ-2ను మనవాళ్లు లైసెన్సు తీసుకుని 1987 నుంచి 'సరథ్' పేరుతో చేస్తున్నారు. తయారయ్యేది మన ఎద్దుమైలారంలోనే, మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో. ఆ బండి హల్ (గన్ను తీసేస్తే మిగిలే ఒళ్లు) మీద అంబులెన్సు, డోజరు, నాగ్ క్షిపణి మోసే నమికా లాంటివి చాలా వచ్చాయి. మోర్టార్ క్యారియర్ కూడా వాటిలో ఒకటి. దీనికి పైన తిరిగే గన్ టరెట్ ఉండదు. వెనక జవాన్లు కూర్చునే చోట, బాంబులను పైకి విసిరే గొట్టం, 81 మి.మీ. మోర్టార్ ఉంటుంది. పైకప్పులో రెండు రెక్కల తలుపు తెరిచి అందులోంచి కాలుస్తారు. 108 బాంబులు పడతాయి. ఈ బండికి విడిగా కిట్ నా కంటపడలేదు, అందుకే కన్వర్షన్.

పైభాగం ఫోటోలు చూసి లాగించేశాను. టరెట్ కన్నం మీద 1 మి.మీ. స్టైరీన్ షీటు వేసి, అంచుల్లో ఎం-సీల్ కూరి రుద్దాను. మోర్టార్ గొట్టానికి లెక్క వేశాను: 81ని 35తో భాగిస్తే లోపలి వ్యాసం 2.3 మి.మీ. ఇంట్లో ఉన్న పాత రీఫిళ్లన్నీ కోసి వెర్నియర్ పెట్టి కొలిస్తే, మా అమ్మాయి పెన్నులోది సరిపోయింది. సిరా వదలడానికి రెండు రోజులు స్పిరిట్‌లో నానబెట్టాను.

చిక్కల్లా లోపలిదే. తలుపులు తెరిచి పెడితే మోర్టార్ బేస్ ప్లేటు, బాంబుల అరలు, సీట్లు కనిపించాలి. వాటికి నా దగ్గర పనికొచ్చే ఫోటో ఒక్కటీ లేదు. పోయిన ఆదివారం మా గ్రూపులో ఒకాయన "ఊహించి కడితే అది కన్వర్షన్ కాదు, కల్పన" అన్నాడు. ఆ మాట వారం రోజులుగా నలుగుతోంది. నాకైతే తలుపులు తెరిచే పెట్టాలనుంది. మీరేమంటారు?

రేకుముక్క, శనివారం రాత్రి 11:02

తమ్ముడూ, ఆయన అన్నది నిజం. తలుపులు మూసెయ్.

నా అనుభవం చెప్తాను. చాలా ఏళ్ల కిందట అమెరికా కవచ వాహనం ఎం113లో ఏ3 రకం కిట్ ఒకటి చవగ్గా దొరికితే, దాన్ని వియత్నాం యుద్ధం నాటి బండిగా మార్చాను. గన్ షీల్డులు కట్టాను, ఇసుక బస్తాలు పెట్టాను, ఎర్రమట్టి పూశాను. మూడు నెలల పని. ప్రదర్శనలో ఒక కుర్రాడు వెనక్కి వెళ్లి చూసి, "అంకుల్, ర్యాంపుకి రెండు పక్కలా ఇంధన ట్యాంకులున్నాయేంటి?" అన్నాడు. ఏ3 వచ్చింది 1987లో. ఆ ట్యాంకులు దానివి. వియత్నాంలో అవి ఎక్కడివి? కిట్‌లో ఉన్నాయి కాబట్టి అతికించాను. అంతే.

తెలియని చోట మనం నింపేది మన చేతికి అందింది, అంతకుముందు కళ్లకు అలవాటైంది. దానికి ఊహ అని పేరు పెట్టుకుంటాం. చూసేవాడు మాత్రం నిజమనుకునే వెళ్తాడు. రేపు ఇంకొకడు నీ మోడల్ ఫోటో చూసి అదే కడతాడు. వాడికి నువ్వే ఆధారం అయిపోతావు. నాకు భయం దానికే.

వేళచ్చేరి ప్రింటర్, ఆదివారం ఉదయం 7:40

అన్నా, మీతో సగం దాకా వస్తాను, ఆ పైన రాను. లెక్క కట్టి చెప్పేదాన్ని, గాల్లోంచి తీసేదాన్ని ఒకే గాటన కట్టకూడదు.

బీఎంపీ-2 లోపల జవాన్లు వీపులు ఆనించుకుని, మొహాలు చెరో గోడ వైపు పెట్టి కూర్చుంటారు. ఆ రెండు వరుసల నడుమ ఉండేది ఇంధన ట్యాంకు. వెనక తలుపులు కూడా డొల్లవే, వాటిలోనూ ఇంధనం పోస్తారు. ఇప్పుడు మోర్టార్ కప్పు తలుపుల కింద, నడిమధ్యన ఉండాలి. బేస్ ప్లేటు నేల మీద కూర్చోవాలి, గొట్టం పక్కలకి తిరగాలి. ఆ ట్యాంకు ఉన్నచోటే ఉంటే ఇదేదీ కుదరదు. కాబట్టి నడుమ ట్యాంకు ఉన్నట్టు కడితే తప్పు. ఈ సంగతి ఫోటో లేకుండానే తేలిపోయింది.

అలాగే బయటి కొలతలు. బండి వెడల్పు 3.15 మీటర్లు, మన స్కేల్లో 90 మి.మీ. పక్క నుంచి, దూరం నుంచి తీసిన ఫోటో ఒకటి దొరికితే చాలు. అందులో రోడ్డు చక్రం ఎన్ని పిక్సెళ్లో లెక్కపెట్టి, కిట్ చక్రంతో పోల్చితే స్కేలు వచ్చేస్తుంది. మిగతావన్నీ దాంతో కొలుచుకోవడమే. పరేడ్‌లో దగ్గర నుంచి ఫోన్‌తో తీసినవి వాడొద్దు. ముందు భాగం ఉబ్బి కనిపిస్తుంది, కొలత తప్పుతుంది. నేను అలా తీసిన ఫోటో మీద హ్యాచ్ (పైకి తెరిచే మూత) గీసి ప్రింట్ చేస్తే 2 మి.మీ. తేడా వచ్చింది. మన స్కేల్లో 2 మి.మీ. అంటే అసలు బండి మీద 7 సెంటీమీటర్లు.

నేలా, బేస్ ప్లేటూ తర్కంతో పెట్టొచ్చు. బాంబుల అరలు ఎటు పక్క, ఎన్ని వరుసలు అంటే మాత్రం నా దగ్గరా జవాబు లేదు.

ముప్పై అయిదో వంతు, ఆదివారం ఉదయం 9:25

ఇద్దరూ ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. అసలు ఆ వేరియంట్ ఎక్కడ పుట్టింది? ఫ్యాక్టరీలో డ్రాయింగు మీద పుట్టిందా, యుద్ధంలో వెల్డింగ్ కొట్టంలో పుట్టిందా? ఈ రెండింటికీ ఒకే రూలు పెట్టడం అన్యాయం అంటాను నేను.

1963 జనవరి 2న ఆప్ బాక్ పోరులో దక్షిణ వియత్నాం ఎం113లు ముందుకెళ్లాయి. పైన .50 మెషిన్ గన్ కాల్చేవాడికి ఏ అడ్డూ లేదు, నడుం దాకా బయటికి నిలబడాలి. ఆ ఒక్కరోజే 14 మంది గన్నర్లు చనిపోయారు. ఆ తర్వాతే షీల్డులు పెట్టడం మొదలైంది. మొదట మునిగిపోయిన ఓడ పొట్ట రేకు కోసి చేశారు. దాన్ని తూటాలు దాటేస్తున్నాయని తెలిసి, పాడైపోయిన కవచ వాహనాల ప్లేట్లు కోసి వాడారు. ఏకావ్ అని మనం కిట్ డబ్బాల మీద చూసే, షీల్డులున్న ఎం113 బండి అలా మొదలైంది. అలాంటి తొలినాటి బండి కడుతున్నప్పుడు వెల్డు గీత వంకరగా ఉంటే, ప్లేటు అంచు ఎగుడుదిగుడుగా ఉంటే దాన్ని ఎవరు తప్పంటారు?

ఇంకొకటి. 1944 ఆగస్టులో నార్మండీలో కెనడా జనరల్ సైమండ్స్ మనుషులు ప్రీస్ట్ అనే ఫిరంగి బళ్ల మీద 105 మి.మీ. గన్ పీకేసి, ఆ ఖాళీని ప్లేటుతో మూసి, జవాన్లను ఎక్కించారు. కొద్ది రోజుల్లో 72 బళ్లు మార్చేశారు. అలాంటి బళ్లకి కంగారూ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. అంటే యుద్ధంలో ఆ సైనికులు చేసింది కూడా కన్వర్షనే. వాళ్ల చేతిలో ఉన్నదీ రంపం, ప్లేటు, వెల్డింగ్ రాడ్డే. అలాంటి బండికి ఊహ చెల్లుతుంది. ఎందుకంటే అక్కడ ఒకటి ఇంకోదానిలా ఉండాలన్న పట్టింపు లేదు, వేళకి తయారైతే చాలు.

సరథ్ మోర్టార్ క్యారియర్ అలాంటిది కాదు. దానికి డ్రాయింగు ఉంది, ప్రతి అరకీ కొలత ఉంది. మనకి కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు. అందుకని ఈ ఒక్క బండి విషయంలో నా ఓటు రేకుముక్క అన్నకే.

రేకుముక్క, ఆదివారం ఉదయం 10:10

అక్కా, బాగా చెప్పారు. నేను కూడా రెండూ కలిపేశాను. ఒక్క మాట మాత్రం. యుద్ధంలో అతికించిన వాటికి కూడా ఒక పద్ధతి ఉంటుంది. షీల్డు వంకరగా ఉండొచ్చు, కానీ గన్నర్ చెయ్యి ట్రిగ్గర్‌కి అందాలి, డ్రైవర్ హ్యాచ్ తెరుచుకోవాలి. అవి రెండూ చూడకుండా బస్తాలు పేర్చిన మోడళ్లు ఎన్నో చూశాను.

ఇంకోటి, పేరు సంగతి. బీఎంపీని ఏపీసీ అనేస్తుంటారు చాలామంది. మన సైన్యంలో ఐసీవీ అంటారు. జవాన్లను దింపి వెనక్కి పోయే బండి ఏపీసీ. దింపి, పక్కనే నిలబడి 30 మి.మీ. గన్‌తో పోరాడేది ఐసీవీ. మోర్టార్ బండి ఏ కోవలోకి వస్తుందో ఆ చర్చ ఇంకోసారి.

ప్యారిస్ కార్నర్, ఆదివారం మధ్యాహ్నం 1:30

చర్చకి సంబంధం లేదు గానీ, ఈ కార్తీక మాసం వానల్లో లాకర్ రంగు కొట్టొద్దు తమ్ముడూ. నిన్న నా హల్ మొత్తం తెల్లగా పొగ పట్టింది. ఈ ఊరి తేమకి ఎండ కాసే రోజు దాకా ఆగాల్సిందే.

పెరంబూరు సుబేదార్, ఆదివారం సాయంత్రం 6:50

బాబూ, ఈ చర్చంతా చదివాను. నేను యాంత్రిక పదాతి దళంలో పనిచేసి రిటైరయ్యాను. సరథ్‌లో తిరిగాను, అందులో పడుకున్నాను, వానలో దాని కిందే వంట చేసుకున్నాం.

నువ్వడిగిన లోపలి సంగతులు నేనిక్కడ రాయను. అది ఇంకా సేవలో ఉన్న బండి. లోపల కూర్చునే పిల్లలున్నారు. దీనికి నన్ను తప్పుపట్టకు.

కానీ బయట నీకు బోలెడు పని ఉంది, అది ఎవరూ చూడటంలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అన్ని బళ్లూ ఒకటే. ఆరు నెలలు పోతే ఏ బండి సంసారం దానిదే. ఒకడు బెడ్డింగు ఎడమ పక్క కడతాడు, ఇంకొకడు వెనక కడతాడు. కామఫ్లాజ్ నెట్టు చుట్టే తీరు చూసి దూరం నుంచే ఎవరి బండో చెప్పేవాళ్లం. రాజస్థాన్ ఇసుకలో తిరిగిన ట్రాకుకి (చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టీకి) తుప్పు నిలవదు, నేలకి తగిలే భాగం స్టీలు గిన్నెలా మెరుస్తుంది. మీరంతా ట్రాకులకి గోధుమరంగు తుప్పు పూస్తారు, అది షెడ్డులో వదిలేసిన బండికి. జెర్రీ క్యాను కట్టిన తాడు కూడా ఊరికే చుట్టరు. ఒక్క లాగుకి ఊడొచ్చేట్టు ముడి వేస్తారు. ఎందుకో నీకే తెలుస్తుంది.

ముప్పై అయిదో వంతు అమ్మాయి చెప్పిన తేడా సరైనదే. ఒక్క బండిలోనే ఆ రెండూ ఉంటాయి. ఇనుము ఫ్యాక్టరీది, దాని మీద కట్టినదంతా జవాన్లది. ఊహించాలనుంటే ఆ రెండో దాంట్లో ఊహించు.

ఆవడి అబ్బాయి, ఆదివారం రాత్రి 9:45

సార్, నమస్కారం. మీ మాట చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. లోపలి సంగతి ఇక అడగను.

నిర్ణయం చెప్తాను. కప్పు తలుపులు మూసే ఉంచుతాను, కానీ జిగురు పెట్టను. కింద చిన్న అంచు అతికించి దాని మీద ఆనించి వదిలేస్తాను. ఎప్పుడైనా అందరూ చూడదగ్గ ఫోటో బయటికొస్తే తెరుస్తాను. రీఫిల్ మోర్టార్ లోపలే ఉంటుంది, చీకట్లో. అది అక్కడ ఉందని నాకు తెలుసు, చాలు.

ట్రాకులకి తుప్పు రంగు వేసేశాను సార్. రేపు తుడిచేసి, నేలకి తగిలే చోట గ్రాఫైట్ పెన్సిల్ రుద్దుతాను. ముడి సంగతి ఆలోచిస్తే అర్థమైంది. బండి దిగి పరిగెత్తాల్సి వస్తే ముడి విప్పుకుంటూ కూర్చోలేరు. కుట్టుదారంతో పది సార్లు వేసి చూశాను, ఇంకా కుదరలేదు.

వేళచ్చేరి అన్నా, చక్రం కొలత పద్ధతితో చూస్తే నా వెనక హ్యాచ్ అర మి.మీ. పక్కకి పోయింది. మళ్లీ కోస్తాను. ఏది ఫోటో చూసి చేశాను, ఏది లెక్క కట్టి చేశాను, ఏది నా సొంతం అన్నది ఒక చిన్న కార్డు మీద రాసి బేస్ కింద అతికిస్తాను.

రేకుముక్క, ఆదివారం రాత్రి 10:20

కార్డు ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు తమ్ముడూ, తలుపులు తెరిచినా సరే. కానీ బేస్ కింద వద్దు. బండి ముందు పెట్టు, చూసేవాడికి కనపడేట్టు.