రాతి గుట్ట మీద కట్టే బిల్డింగ్ ఆ గుట్టలో కలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పరుపుబండ_22:
అందరికీ నమస్తే. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ఫైనలియర్ అమ్మాయిని. థీసిస్‌కి భువనగిరి వైపు మూడెకరాల రాతి గుట్ట తీసుకున్నాను. చేనేత శిక్షణ కేంద్రం, నలభై మంది ఉండటానికి గదులు, ఇదీ ప్రాజెక్ట్. కింద నుంచి పైకి 14 మీటర్ల ఎత్తు తేడా ఉంది. మధ్యలో పెద్ద పరుపుబండ, దాని పక్కనే ఒకదాని మీద ఒకటి నిలబడ్డ మూడు గుండ్లు, సందుల్లో సీతాఫలం చెట్లు.

మొదటి జ్యూరీలో, అంటే మా డిజైన్‌ని పరీక్షించే వాళ్ల ముందు, రూఫ్ మీద పచ్చగడ్డి, గోడలకి రాతి క్లాడింగ్ (పైన అతికించే రాతి పలకలు), వంపులు తిరిగిన ప్లాన్ చూపించాను. ఒక మేడమ్ షీట్ల ముందు చాలాసేపు నిలబడి ఒక్కటే అడిగారు, "దీన్ని ఎత్తుకెళ్లి మాదాపూర్‌లో పెడితే ఇందులో ఏం మారుతుంది?" అని. నాకు నోట మాట రాలేదు. రెండు రాత్రులుగా అదే టెన్షన్. బిల్డింగ్ గుట్టలో కలిసిపోవడం అంటే అసలు ఏంటి? కనపడకుండా దాచడమా? మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

నీడగోడ:
మేడమ్ చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా, దాన్ని వదలకు. నేను పద్దెనిమిదేళ్లుగా ప్రాక్టీస్‌లో ఉన్నాను, నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆ పచ్చగడ్డి తీసెయ్. ఆ గుట్ట ఏడాదిలో ఎన్ని నెలలు పచ్చగా ఉంటుంది? వానాకాలం, ఆ తర్వాత కొన్నాళ్లు. మిగతా కాలమంతా బూడిద రంగు బండ, ఎండిన గడ్డి. ఏప్రిల్‌లో ట్యాంకర్ నీళ్లతో బతికే పచ్చ కప్పు ఆ గుట్టకి సొంతం ఎలా అవుతుంది?

శ్రీలంకలో దంబుల్లా దగ్గర జెఫ్రీ బావా కట్టిన కందలమ హోటల్ గురించి చదివే ఉంటావు. అందరూ దాని మీద అల్లుకున్న తీగల ఫోటోలే చూపిస్తారు. నువ్వు దాని సెక్షన్, అంటే నిలువుగా కోసి చూపించే డ్రాయింగ్, చూడు. కొండ వాలు వెంబడి పొడవుగా సాగుతుంది, కొండ మీది వాన నీళ్లు కిందికి పోవడానికి బిల్డింగ్‌ని స్తంభాల మీద లేపారు. తీగలు తర్వాత వచ్చాయి, ముందు నీళ్లకి దారి వదిలారు. త్రివేండ్రంలో సీడీఎస్ అనే పరిశోధన సంస్థ క్యాంపస్‌లో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కూడా ఉన్న వాలుని, చెట్లని అలాగే ఉంచి వాటి మధ్యలో కట్టుకుంటూ పోయారు. అంతదూరం ఎందుకు, ఒక పొద్దున గోల్కొండకి వెళ్లు. గోడ వస్తూ వస్తూ ఒక పెద్ద గుండు దగ్గర ఆగిపోతుంది, గుండే గోడ అవుతుంది, అది దాటాక మళ్లీ రాళ్ల వరస మొదలవుతుంది. ఆ అతుకు దగ్గర కూర్చుని స్కెచ్ వేసుకో, క్లాడింగ్ మీద మోజు దానంతటదే పోతుంది.

ప్లాన్ పక్కన పెట్టి, గుట్టని అడ్డంగా కోసినట్టు ప్రతి ఐదు మీటర్లకీ ఒక సెక్షన్ గీయి. బిల్డింగ్ కాళ్లు ఎక్కడ పెట్టాలో అక్కడే తెలుస్తుంది.

సైట్_ఇంజనీర్_కేవీ:
పైన చెప్పినదానికి నా మాట కూడా కలుపుతాను. బండ మీద నల్లటి చారలుంటాయి చూశావా, పైనుంచి కిందికి జారినట్టు? వాన నీళ్లు ఏళ్ల తరబడి పారిన దారులవి. టోటల్ స్టేషన్ (ఎత్తులు, దూరాలు కొలిచే పరికరం) సర్వేలో అవి రావు, నువ్వే నడిచి కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. వాటికి అడ్డంగా గోడ పెట్టావంటే మొదటి పెద్ద వానకే నీళ్లు గదిలోకి వస్తాయి, బండ చుక్క నీరు తాగదు కదా.

గట్టి బండ మీద లోతుగా తవ్వాల్సిన పని లేదు, డ్రిల్ చేసి ఊచలు దింపి గ్రౌట్ చేస్తే (సందుల్లో పల్చటి సిమెంట్ నింపితే) పిల్లర్ నిలబడుతుంది. కానీ బ్లాస్టింగ్ ఊసు ఎత్తకు, ఆ మూడు గుండ్లు దేని మీద ఆనుకుని ఉన్నాయో తెలియకుండా వాటి కింద మట్టి కూడా కదిలించొద్దు, జియోటెక్ వాళ్లు, అంటే నేలని, రాతిని పరీక్షించే ఇంజనీర్లు, చూడాల్సిందే. ఇంకోటి, పగలంతా ఎండ తాగిన బండ రాత్రి వేడి కక్కుతుంది. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి దాని మీద చెయ్యి పెట్టి చూడు. పడుకునే గదుల్ని దానికి ఆనించి కడితే పిల్లలు నిద్రపోలేరు.

పడుగుపేక:
అక్కా, నాకు ఆర్కిటెక్చర్ తెలీదు. మాది పోచంపల్లి దగ్గర ఊరు, నాన్న నేత పని చేస్తారు. మీ మగ్గాలు ఎక్కడ పెట్టారు? మాది గుంట మగ్గం, కాళ్లు పెట్టి తొక్కడానికి నేలలో గుంట తీయాలి. బండ మీద గుంట ఎట్లా తీస్తారు? పైగా గుట్ట మీద పొడిగాలి కొడుతుంది, పొడిగాలికి నూలు ఊరికే తెగుతుంది. మా ఇంట్లో ఎండాకాలం మగ్గం చుట్టూ నేల తడుపుతారు. మట్టి ఉన్న చోటే మగ్గం బాగుంటది. మీ పరుపుబండ మాత్రం నాకు నచ్చింది. పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా వచ్చే నూలు, చాచడానికి పొడుగు జాగా కావాలి, ఊళ్లో బజార్లోనే చాస్తాం. పొద్దున్నే ఎండ ఎక్కక ముందు ఆ బండ మీద చాచుకోవచ్చు.

పరుపుబండ_22:
తమ్ముడూ, మగ్గాల షెడ్డు నేను గుట్ట పైన పెట్టాను, వ్యూ బాగుంటుందని. నీ మెసేజ్ చదివాక చాలాసేపు ఏమీ గీయలేకపోయాను. నిన్న సాయంత్రం మళ్లీ సైట్‌కి వెళ్లాను. నల్ల చారలు పదకొండు లెక్కపెట్టాను, అందులో నాలుగు నా పాత ప్లాన్‌లో సరిగ్గా మెస్ కిందికి వస్తున్నాయి. గుట్ట కింద తూర్పు వైపు మోకాలి లోతు మట్టి ఉంది, మగ్గాలు అక్కడికి దింపుతున్నాను. పరుపుబండ మీద ఏమీ కట్టను, పడుగుకి వదిలేస్తున్నాను. గదులు గుండ్లకి దూరంగా, చారల మధ్య ఖాళీల్లో పిల్లర్ల మీద వస్తాయి. సార్, ఇప్పటికి ఆరు సెక్షన్లు గీశాను, ఆదివారం గోల్కొండకి వెళ్తున్నాను. గీసినవి ఇక్కడ పెడతాను, తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.